ఈథర్‌నెట్ పోర్ట్ మాత్రమే ఉన్న బార్బెక్యూ కంట్రోలర్‌ను వైఫై మీద పీసీకి కలపడం ఎలా?

బొగ్గుసెగ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బొగ్గు పొయ్యికి బ్లోయర్‌తో గాలి కొట్టే టెంపరేచర్ కంట్రోలర్ వాడుతున్నాను. దాని వెనక ఆర్‌జే45 (ఈథర్‌నెట్) పోర్ట్ ఉంది, వైఫై లేదు. పొయ్యి పెరట్లో, రూటర్ ముందుగదిలో. మధ్యలో సుమారు 20 మీటర్లు, రెండు గోడలు. కేబుల్ లాగే వీలు లేదు కాబట్టి ఒక చిన్న ట్రావెల్ రూటర్‌ని ఇంటి వైఫైకి కలిపి, దాని ఈథర్‌నెట్ పోర్ట్ నుంచి కంట్రోలర్‌కి కేబుల్ ఇచ్చాను.

ప్రస్తుత పరిస్థితి ఇదీ: ఇంటి రూటర్ 192.168.1.1, పీసీ 192.168.1.34. కంట్రోలర్ తెర మీద మాత్రం 192.168.8.120 అని కనిపిస్తోంది. పీసీ బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొడితే పేజీ రాదు, పింగ్ కొడితే టైమ్ అవుట్. ల్యాప్‌టాప్‌ని ట్రావెల్ రూటర్ వైఫైకే కలిపితే పేజీ వెంటనే వస్తుంది.

పీసీ నుంచే పొయ్యి వేడి చూడాలి, సెట్ పాయింట్ (నిలబెట్టాల్సిన వేడి) మార్చాలి, 12 గంటల వంటకి లాగ్ ఉండాలి. ట్రావెల్ రూటర్ సెట్టింగ్‌లో ఏం మార్చాలి? అసలు ఈ పద్ధతి సరైనదేనా?

తీగలమేస్త్రి

పద్ధతి సరైనదే. మీ ప్రశ్నలోనే జవాబు ఉంది: 192.168.8.120. ట్రావెల్ రూటర్ ఇప్పుడు రూటర్ మోడ్‌లో నడుస్తోంది. కొన్ని మోడళ్లలో దీన్నే విస్ప్ మోడ్ అంటారు. ఇంటి వైఫైని ఇంటర్నెట్ లైన్‌గా తీసుకుని, తన వెనక 192.168.8 అనే వేరే నెట్‌వర్క్ తయారుచేసి, మధ్యలో న్యాట్ (లోపలి అడ్రస్‌లని బయటికి కనిపించకుండా మార్చే పద్ధతి) పెట్టింది. కంట్రోలర్ వైపు నుంచి ఇంటి నెట్‌వర్క్‌కి వెళ్లడానికి దారి ఉంది, పీసీ వైపు నుంచి లోపలికి రావడానికి దారి లేదు. అందుకే ల్యాప్‌టాప్‌ని లోపలి వైఫైకి కలిపితే పేజీ వస్తోంది, పీసీ నుంచి రావడం లేదు.

పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి గట్టెక్కవచ్చని ఎవరైనా చెబుతారు, పనిచేస్తుంది కూడా. కానీ రేపు ఏదైనా తేడా వస్తే రెండు డీహెచ్‌సీపీల (పరికరాలకి అడ్రస్‌లు పంచే సర్వర్ల) మధ్య వెతుక్కోవాలి. ఇంట్లో ఒకే నెట్‌వర్క్, ఒకే డీహెచ్‌సీపీ ఉండాలి. ట్రావెల్ రూటర్‌ని క్లయింట్ మోడ్‌కి మార్చండి. కొన్నిటిలో బ్రిడ్జ్ అని ఉంటుంది, ఇకపై ఆ ట్రావెల్ రూటర్‌నే బ్రిడ్జ్ అంటాను. రిపీటర్ మోడ్‌లో కూడా ఈథర్‌నెట్ పోర్ట్ పనిచేస్తుంది గానీ, అదే రేడియోతో మళ్లీ వైఫై ప్రసారం చేస్తుంది. మీకు దానితో పని లేదు, గాలిలో రద్దీ పెరగడం తప్ప.

చేయాల్సిన వరుస ఇది. ముందు ఇంటి రూటర్ పేజీలో డీహెచ్‌సీపీ రేంజ్ చూసుకోండి. అది 192.168.1.2 నుంచే మొదలవుతుంటే 192.168.1.20 నుంచి మొదలయ్యేలా మార్చండి, కింద కొన్ని అడ్రస్‌లు మనకి మిగులుతాయి. తర్వాత ట్రావెల్ రూటర్‌ని ల్యాప్‌టాప్‌కి కేబుల్‌తో కలిపి, క్లయింట్ మోడ్ ఎంచుకుని, ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. దాని సొంత అడ్రస్ 192.168.1.5 అని, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అని పెట్టండి. దాని డీహెచ్‌సీపీ సర్వర్ ఆఫ్ అయిందో లేదో మీ కళ్లతో చూసుకోండి. మోడ్ మార్చగానే అదే ఆగిపోతుందని అనుకోకండి, కొన్నిటిలో ఆగదు. సేవ్ చేశాక అది రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ వైఫై ఆపేసి, కేబుల్ మీదే 192.168.1.1కి పింగ్ కొట్టండి. జవాబు వస్తే బ్రిడ్జ్ సిద్ధమైనట్టే. రాకపోతే కంట్రోలర్ జోలికి వెళ్లకుండా ఇక్కడే ఆగి సరిచేయండి.

ఇప్పుడు ల్యాప్‌టాప్ తీసి ఆ కేబుల్‌ని కంట్రోలర్‌కి పెట్టి, కంట్రోలర్‌ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. అది పాత అడ్రస్ వదిలి 192.168.1 సిరీస్‌లో కొత్తది తీసుకుంటుంది.

స్థిర అడ్రస్ కోసం రూటర్‌లో రిజర్వేషన్ పెట్టేటప్పుడు ఒక చిక్కు ఉంది. క్లయింట్ మోడ్‌లో మామూలు వైఫై ఫ్రేమ్‌లు మూడు అడ్రస్‌లే మోస్తాయి. అందుకని బ్రిడ్జ్ వెనక ఏది ఉన్నా రూటర్‌కి గాలి మీద బ్రిడ్జ్ మ్యాక్ అడ్రస్ (పరికరానికి పుట్టుకతో ఉండే నంబర్) మాత్రమే కనిపిస్తుంది. కనెక్ట్ అయిన పరికరాల జాబితాలో బ్రిడ్జ్, కంట్రోలర్ రెండూ ఒకే మ్యాక్‌తో కనిపిస్తే కంగారు పడకండి. డీహెచ్‌సీపీ అభ్యర్థన లోపల మాత్రం కంట్రోలర్ అసలు మ్యాక్ ఉంటుంది కాబట్టి రిజర్వేషన్‌కి కంట్రోలర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న మ్యాక్ వాడాలి. రూటర్‌లో మ్యాక్ ఫిల్టర్ పెట్టుకుని ఉంటే అక్కడ అనుమతించాల్సింది బ్రిడ్జ్ మ్యాక్‌ని. ఈ రెండూ తారుమారు చేస్తే గంటలు పోతాయి. రిజర్వేషన్ పట్టకపోతే కంట్రోలర్ మెనూలోనే 192.168.1.6 అని స్టాటిక్‌గా ఇచ్చేయండి. ఒకే సబ్‌నెట్‌లో పేజీ చూడటానికి గేట్‌వే (బయటికి దారి చూపే రూటర్ అడ్రస్) అక్కర్లేదు. మెయిల్ అలర్ట్‌లు, గడియారం సరిచేసుకోవడం లాంటివి ఉంటే మాత్రం గేట్‌వే, డీఎన్‌ఎస్ (పేర్లని అడ్రస్‌లుగా మార్చే సర్వర్) రెండూ సరిగ్గా ఉండాలి.

బ్రిడ్జ్ అసలు వైఫైకే ఎక్కకపోతే మూడు చోట్ల చూడండి. రూటర్ వైఫై భద్రత డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత బ్రిడ్జ్‌లు ఎక్కవు, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ లేదా రెండూ కలిసిన మోడ్ పెట్టాలి. చానల్ ఆటోలో ఉండి 12, 13లకి వెళ్తే కొన్ని పరికరాలకి ఆ వైఫై కనిపించదు, 1, 6, 11లలో ఒకటి స్థిరంగా పెట్టండి. మూడోది, గెస్ట్ వైఫైకి కలపకండి. అది ఎక్కుతుంది, అడ్రస్ కూడా ఇస్తుంది, కానీ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వదు.

అన్నీ సరిగ్గా ఉండి కూడా పీసీలో పేజీ రాకపోతే, ఆఫీసు వీపీఎన్ ఏదైనా నడుస్తోందేమో చూడండి. కొన్ని వీపీఎన్‌లు ఇంటి నెట్‌వర్క్ దారిని కూడా మూసేస్తాయి.

బొగ్గుసెగ

తీగలమేస్త్రి గారూ, చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. క్లయింట్ మోడ్ పెట్టాక పీసీలో పేజీ వచ్చింది. కంట్రోలర్‌కి 192.168.1.6 స్టాటిక్‌గా ఇచ్చాను.

ఇప్పుడు ఇంకో సమస్య. పొయ్యి చల్లగా ఉండి బ్లోయర్ పూర్తి వేగంతో తిరిగేటప్పుడు కనెక్షన్ తెగుతోంది, రెండు నిమిషాలకి మళ్లీ వస్తోంది. వేడి 110 డిగ్రీల దగ్గర నిలబడి బ్లోయర్ నెమ్మదించాక బాగుంటోంది. పైగా పొయ్యి ప్రోబ్ (వేడి కొలిచే సూది) రీడింగ్ అప్పుడప్పుడు 5, 6 డిగ్రీలు ఎగిరి వెంటనే కిందకి వస్తోంది.

కరెంట్ ఇచ్చిన తీరు: 12 వోల్టులు, 1 ఆంపియర్ అడాప్టర్ ఒకటే, ఇంట్లోని సాకెట్‌కి ఉంది. దాని నుంచి కంట్రోలర్‌కి, బ్లోయర్‌కి. అక్కడే ఒక బక్ కన్వర్టర్‌తో 5 వోల్టులు చేసి, 10 మీటర్ల సన్న వైరుతో ట్రావెల్ రూటర్‌కి ఇచ్చాను. రూటర్‌ని కంట్రోలర్ పక్కనే, యాంటెన్నాని ప్రోబ్ వైర్లకి ఆనించి పెట్టాను.

వోల్టు_ఆంపియర్

బొగ్గుసెగ గారూ, ఇది వైఫై సమస్య కాదు, కరెంట్ సమస్య. లెక్క వేసి చూపిస్తాను.

ట్రావెల్ రూటర్ 5 వోల్టుల దగ్గర 1 ఆంపియర్ దాకా లాగగలదు, అంటే 5 వాట్లు. బక్ కన్వర్టర్ 85 శాతం సామర్థ్యంతో పనిచేస్తే 12 వోల్టుల వైపు దాదాపు 0.5 ఆంపియర్. మీ బ్లోయర్ లేబుల్ చూడండి, ఈ రకం చిన్న బ్లోయర్‌కి 0.3 నుంచి 0.6 ఆంపియర్ ఉంటుంది, తిరగడం మొదలయ్యే క్షణంలో అంతకన్నా ఎక్కువ లాగుతుంది. కంట్రోలర్‌కి ఇంకో 0.1, 0.2 వేసుకోండి. మొత్తం 1 ఆంపియర్ దాటిపోయింది. అడాప్టర్ వోల్టేజ్ కుంగుతుంది, ముందు రూటర్ రీస్టార్ట్ అవుతుంది. ఆ రెండు నిమిషాలూ అది మళ్లీ బూట్ అయి వైఫైకి ఎక్కడానికి పట్టే సమయం.

రెండో తప్పు ఆ 10 మీటర్ల సన్న వైరు. 24 గేజ్ రాగి తీగకి మీటరుకి 0.084 ఓమ్‌లు. పోనూ రానూ 20 మీటర్లు, అంటే దాదాపు 1.7 ఓమ్‌లు. 0.5 ఆంపియర్ పోతేనే 0.84 వోల్టులు దారిలో పోతాయి, రూటర్ దగ్గరకి చేరేది 4.2 కన్నా తక్కువ. 5 వోల్టులతో నడిచే పరికరానికి అది చాలదు. కాబట్టి దూరం మోయాల్సింది 12 వోల్టులని, 5కి దించాల్సింది రూటర్ పక్కన. 12 వోల్టుల దగ్గర అదే వాట్లకి కరెంట్ సగం కన్నా తక్కువ. కొంచెం పడిపోయినా బక్ కన్వర్టర్ సర్దుకుంటుంది. వైరు కూడా ఇంకా మందమైన 18 గేజ్‌కి మార్చండి.

అన్నిటికన్నా శుభ్రమైన మార్గం, రూటర్‌కి వేరే అడాప్టర్ పెట్టడం. ఒకటే కావాలంటే 12 వోల్టులు, కనీసం 2 ఆంపియర్‌లది తీసుకుని, పొయ్యి వైపు చివర, అంటే కంట్రోలర్, బక్ కన్వర్టర్ వైర్లు విడిపోయే చోట, 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ ఒకటి వేయండి. పోలారిటీ తిప్పి వేస్తే కెపాసిటర్ పేలుతుంది, చారల గీత ఉన్న కాలు మైనస్‌కి.

బ్లోయర్ బ్రష్‌లున్న మోటార్ అయితే దాని రెండు కొనల మధ్య 1ఎన్5819 డయోడ్ ఒకటి, గీత ఉన్న చివర ప్లస్ వైపు పెట్టండి. మోటార్‌కి కరెంట్ తెగిన ప్రతిసారీ పుట్టే వెనక్కి తన్నే వోల్టేజ్‌ని అది మింగేస్తుంది. కంట్రోలర్ లోపలే ఈ డయోడ్ ఉంటే ఇంకొకటి ఉన్నా నష్టం లేదు.

రీడింగ్ ఎగరడానికి కారణం ఆ యాంటెన్నా. ప్రోబ్ వైరు పొడవుగా ఉంటుంది, రూటర్ ప్రసారం చేసే ప్రతిసారీ అది రేడియో తరంగాన్ని పట్టుకుంటుంది. కంట్రోలర్ లోపలి సర్క్యూట్ ఆ తరంగాన్ని చిన్న వోల్టేజ్‌గా మార్చుకుని వేడి అనుకుంటుంది. యాంటెన్నాని ప్రోబ్ వైర్ల నుంచి కనీసం 30 సెంటీమీటర్లు జరపండి, బ్లోయర్ వైరునీ ప్రోబ్ వైరునీ కలిపి కట్టకండి. రెండూ దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కన నడిపించకండి.

ఇది థర్మోకపుల్ (వేడికి చిన్న వోల్టేజ్ పుట్టించే రకం) ప్రోబ్ అయితే ఇంకో కారణం ఉంటుంది. కే రకం థర్మోకపుల్ డిగ్రీకి ఇచ్చేది 41 మైక్రోవోల్టులే. ప్రోబ్ కొన స్టీలు తొడుగుకి అతికి ఉండి, ఆ తొడుగు పొయ్యి ఇనుముకి తగిలి, పొయ్యి నేలకి తగిలితే, ఆ దారిలో తిరిగే చిన్న కరెంట్ చాలు రీడింగ్‌ని డిగ్రీలకి డిగ్రీలు తప్పించడానికి. ప్రోబ్ క్లిప్‌కీ జాలీకీ మధ్య సిరామిక్ ముక్క పెట్టి చూడండి. ఎగరడం ఆగితే దోషం అదే.

ఆరుబయట కరెంట్ గురించి ఒక్క మాట, ఇది మాత్రం పక్కన పెట్టకండి. మెయిన్స్ అడాప్టర్ బయట పెట్టాల్సి వస్తే ఆ సాకెట్‌కి 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీడీ (కరెంట్ లీకైతే వెంటనే తెంచే స్విచ్) రక్షణ ఉండాలి. బయటికి వెళ్లేది 12 వోల్టుల తీగ మాత్రమే అయితే ఇంకా మంచిది.

తీగలమేస్త్రి

వోల్టు_ఆంపియర్ గారి లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ట్రావెల్ రూటర్‌ని ఉంచే పెట్టె గురించి కలుపుతాను. ట్రావెల్ రూటర్‌లు సాధారణంగా 40 డిగ్రీల వాతావరణం వరకే. ఎండలో మూసిన ప్లాస్టిక్ పెట్టె లోపల అది సులువుగా దాటిపోతుంది. పెట్టెని నీడలో, పొయ్యికి ఒకటిన్నర మీటరు దూరంలో, పొయ్యి కన్నా ఎత్తులో పెట్టండి. గాలి రంధ్రాలు అడుగు వైపు ఉంచండి. లోపలికి వెళ్లే ప్రతి తీగా రంధ్రం కన్నా కిందకి వంగి మళ్లీ పైకి వచ్చేలా ఉండాలి, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. లోహపు పెట్టె వద్దు, వైఫై బయటికి రాదు. ఈథర్‌నెట్ కేబుల్ పైతొడుగు మామూలుగా 60 నుంచి 75 డిగ్రీల వరకే తట్టుకునే పీవీసీ. మూతకి, పొయ్యి కాళ్లకి తగలనివ్వకండి.

సిగ్నల్ బ్రిడ్జ్ స్టేటస్ పేజీలో చూసుకోండి. మైనస్ 67 డీబీఎమ్ (సిగ్నల్ బలం కొలత) లేదా అంతకన్నా మెరుగ్గా, అంటే సున్నాకి ఇంకా దగ్గరగా ఉంటే నిశ్చింత. మైనస్ 75 కన్నా బలహీనమైతే పొయ్యి పక్కన ఒక మనిషి నిలబడినా తెగుతుంది. బ్రిడ్జ్‌కీ ఇంటికీ మధ్య గీత గీస్తే ఆ గీత మీద పొయ్యి మూత రాకూడదు, స్టీలు గోడలాంటిదే. రెండు గోడలు దాటాలి కాబట్టి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. కంట్రోలర్ పంపే డేటా చాలా చిన్నది, మీకు వేగం కాదు, తెగకపోవడం కావాలి.

పొగపెట్టె

బ్రిడ్జ్ లేకుండా ఇంకో దారి చెబుతాను, చేత్తో చేసుకోవడం ఇష్టమైనవాళ్లకి. ఈఎస్‌పీ32 అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో వైఫై లోపలే ఉన్న కంట్రోలర్ చేసుకోవచ్చు. దీనిలో కొత్తవాళ్లు పడే గోతులు రెండు.

మొదటిది, ఈఎస్‌పీ32లో వైఫై నడుస్తుంటే ఏడీసీ2 (వోల్టేజ్‌ని అంకెలుగా మార్చే రెండో భాగం) పిన్‌లు చదవలేం. బల్ల మీద వైఫై లేకుండా పరీక్షిస్తే అన్నీ బాగుంటాయి, వైఫై వేయగానే రీడింగ్ పోతుంది. 32 నుంచి 39 దాకా ఉన్న ఏడీసీ1 పిన్‌లే వాడాలి. ఆ ఏడీసీ కొసల దగ్గర సరళరేఖలో ఉండదు కాబట్టి నా సలహా ఏడీఎస్1115 అనే 16 బిట్ చిప్ పెట్టమని.

రెండోది థర్మిస్టర్‌కి (వేడితో ఓమ్‌లు మారే ప్రోబ్‌కి) జోడించే రెసిస్టర్. 25 డిగ్రీల దగ్గర 100 కిలో ఓమ్‌లు ఉండే ప్రోబ్, బీటా విలువ 3950 అయితే, 110 డిగ్రీల దగ్గర దాదాపు 5.3 కిలో ఓమ్‌లకి పడిపోతుంది. 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ జోడిస్తే మనకి కావాల్సిన చోట వోల్టేజ్ అట్టడుగున నలిగిపోతుంది. 10 కిలో ఓమ్‌లది, 1 శాతం రకం వేయండి, 110 దగ్గర సరఫరాలో మూడో వంతు చుట్టూ వోల్టేజ్ వస్తుంది. సరిచూడటానికి కరుగుతున్న ఐసు నీళ్లలో 0, మరుగుతున్న నీళ్లలో 100. ఎత్తైన ఊళ్లలో ప్రతి 300 మీటర్లకి మరిగే వేడి సుమారు 1 డిగ్రీ తగ్గుతుందని గుర్తుంచుకోండి.

ప్రోబ్ విలువల్ని పీసీకి పంపి, పీసీలో లెక్కవేసి బ్లోయర్ వేగం వెనక్కి పంపితే కోడ్ రాయడం సులువు. అలా కూడా చేయవచ్చు కదా?

తీగలమేస్త్రి

పొగపెట్టె గారూ, చివరి మాట ఒక్కటి వద్దు. బ్లోయర్‌ని నడిపే లెక్క, అంటే పీఐడీ, పొయ్యి దగ్గరే ఉండాలి. పీసీ నిద్రలోకి వెళ్లినా, వైఫై తెగినా, బ్లోయర్ చివరి ఆజ్ఞ మీదే తిరుగుతూ ఉంటుంది. ఆ ఆజ్ఞ పూర్తి వేగం అయితే బొగ్గంతా అంటుకుంటుంది. నిండా అంటుకున్న బొగ్గుని గాలి మూసి చల్లార్చడం తేలిక కాదు. హీటర్‌మీటర్ అనే ఓపెన్ సోర్స్ కంట్రోలర్ నిర్మాణం చూడండి: బ్లోయర్ లెక్క ఏటీమెగా328 చిప్‌లో, వెబ్ పేజీ, వైఫై రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో. పై ఆగినా పొయ్యి ఆగదు. ఒకే ఈఎస్‌పీ32 వాడినా, వైఫై పోతే పీఐడీ లూప్ ఆగకుండా రాయాలి, ప్రోబ్ ఊడితే బ్లోయర్ ఆగాలి. నెట్‌వర్క్ మీద వెళ్లేవి రెండే: చూడటానికి రీడింగ్‌లు, మార్చడానికి సెట్ పాయింట్.

వోల్టు_ఆంపియర్

లాగ్ గురించి ఎవరూ చెప్పలేదు. బొగ్గుసెగ గారూ, కంట్రోలర్ లోపలి వెబ్ సర్వర్ చాలా చిన్నది, చాలావాటిలో ఒకేసారి ఒకటి రెండు కనెక్షన్లే. సెకనుకోసారి అడిగే స్క్రిప్ట్, దానితోపాటు తెరిచి ఉంచిన రెండు బ్రౌజర్ ట్యాబ్‌లు కలిస్తే అది బిగుసుకుపోతుంది. పొయ్యి వేడి నిమిషాల్లో మారేది, 15 సెకన్లకోసారి అడిగితే చాలు. 12 గంటలకి 2880 వరుసలు, ఫైల్ కూడా చిన్నదే.

పైథాన్‌లో రాస్తే ప్రతి అభ్యర్థనకి 5 సెకన్ల టైమ్ అవుట్ తప్పనిసరి. అది లేకపోతే ఒకసారి వైఫై తెగినప్పుడు స్క్రిప్ట్ అక్కడే వేలాడుతుంది, తిరిగి వచ్చినా లేవదు. జవాబు రాకపోతే పాత విలువ మళ్లీ రాయకండి, ఖాళీ వరుస రాయండి. గ్రాఫ్‌లో ఖాళీ కనిపిస్తే తెగినట్టు తెలుస్తుంది, పాత విలువ గీత గీస్తే అంతా బాగుందని భ్రమ. ప్రతి వరుసా రాసిన వెంటనే డిస్క్‌కి ఫ్లష్ చేయండి. పీసీ స్లీప్ ఆపేయండి, తెర ఆరిపోతే పర్లేదు.

అలారం రెండు రకాలు పెట్టుకోండి. వేడి సెట్ పాయింట్‌కి 15 డిగ్రీలు అటూ ఇటూ అయి 5 నిమిషాలు అలాగే ఉంటే ఒకటి. ఆ 5 నిమిషాలు లేకపోతే మూత తీసిన ప్రతిసారీ మోగుతుంది. రెండోది, రీడింగ్ 2 నిమిషాల పాటు రాకపోతే. చాలామంది మొదటిదే పెడతారు, కనెక్షన్ పోయిన రాత్రి ఏ అలారమూ మోగదు.

బొగ్గుసెగ

అడాప్టర్‌లు రెండు వేరు చేశాను, రూటర్‌ని జరిపి గోడకి ఎత్తుగా పెట్టాను. బ్లోయర్ పూర్తి వేగంలో కూడా తెగలేదు. రీడింగ్ ఎగరడం కూడా పోయింది, ప్రోబ్ థర్మిస్టర్ రకం. సిగ్నల్ మైనస్ 64. చివరి ప్రశ్న: బయటికి వెళ్లినప్పుడు ఫోన్‌లో ఈ పేజీ చూడాలంటే రూటర్‌లో పోర్ట్ 80 తెరిస్తే సరిపోతుందా?

తీగలమేస్త్రి

తెరవకండి. ఈ పేజీలకి పాస్‌వర్డ్ ఉండదు, ఉన్నా గుప్తీకరణ లేకుండా వెళ్తుంది. ఇంటర్నెట్ మొత్తాన్ని జల్లెడ పట్టే స్కానర్లు తెరిచిన పోర్ట్‌ని త్వరగానే పట్టేస్తాయి. ఆ తర్వాత ఎవరైనా సెట్ పాయింట్‌ని 200కి మార్చగలరు. ఇది నిప్పుతో ఉన్న పరికరం.

ఇంటి రూటర్‌లో వైర్‌గార్డ్ (బయటి నుంచి ఇంటికి గుప్త దారి వేసే వీపీఎన్) ఉంటే అదే వాడండి. యూడీపీ 51820 ఒక్కటే తెరవాలి, సరైన తాళంచెవి లేనివాళ్లకి అది జవాబే ఇవ్వదు. ఫోన్‌లో వైర్‌గార్డ్ యాప్ పెట్టి, అనుమతించే అడ్రస్‌ల దగ్గర 192.168.1.6/32 అని, అంటే ఆ ఒక్క అడ్రస్ మాత్రమే రాస్తే మిగతా ఫోన్ ట్రాఫిక్ మామూలు దారిలోనే పోతుంది. రూటర్‌లో ఆ సౌకర్యం లేకపోతే ఎప్పుడూ నడిచే పీసీలో పెట్టుకోవచ్చు. రూటర్ పేజీలో కనిపించే బయటి ఐపీ 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీ ఇంటర్నెట్ సంస్థే న్యాట్ వెనక ఉంచిందని అర్థం, బయటి నుంచి ఏ పోర్ట్ తెరిచినా రాదు. ముందు అది చూసుకుని మొదలుపెట్టండి. రూటర్‌లో యూపీఎన్‌పీ (పరికరాలే పోర్ట్‌లు తెరుచుకునే సౌకర్యం) కూడా ఆపేయండి, కంట్రోలర్ తనంతట తాను పోర్ట్ తెరుచుకోకుండా.